మోకాళ్ళు పోయిన సిహో

సామ్‌తై,
జూన్ 4, 2001.

లత్సమీకి,

నువ్వే గెలిచావు. జాల పంపిస్తున్నాను. మూడు ఉత్తరాలు రాసి, నాలుగోదాంట్లో చచ్చి స్వర్గాన ఉన్న మీ అమ్మ పేరెత్తి అడిగితే, ఎంత రాతిగుండె పిన్ని అయినా ఏం చేస్తుంది?

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మగ్గానికి నమూనా చూపే ఈ దారాల జాల తన పెళ్ళికి ముందు కట్టుకుంది. అప్పటినుంచి అది ఈ ఊరి కొండ దాటలేదు. యుద్ధంలో బాంబులు పడ్డ ఏళ్ళలో మాతోపాటు గుహలో ఉంది. ఇప్పుడు వెదురు బద్దలకు చుట్టి, పాత దుప్పట్లో మూటకట్టి బస్సెక్కిస్తున్నాను. దారాలు ఎనభై నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టాను. నీకు తెలిసిందే అయినా చెబుతాను, వింటే నీ సొమ్మేం పోదు. ఒక్కో దారం ఒక్కో వరస. పైనున్న దారం లాగితే, ఏ పడుగు పోగులు ఎత్తాలో అది చూపిస్తుంది. వాటి కింద రంగు పట్టు దూర్చి, ఆ దారాన్ని కిందికి దించు. తర్వాత దాని పక్కది. ఎనభై నాలుగూ దిగేసరికి మన ఏనుగుతల సింహం సిహో తొండం నుంచి గోళ్ళ దాకా మొత్తం తయారు. బొమ్మ ఉండేది నా బుర్రలో కాదు, నీ బుర్రలోనూ కాదు, ఆ దారాల్లో. అమ్మ చేతిపని అంటూ మనకు మిగిలింది అదొక్కటే.

కోతలయ్యేలోపు నాకు తిరిగి రావాలి. ఏటా అమ్మ పేరున గుడికిచ్చే గుడ్డ దాని మీదే నెయ్యాలి కదా.

బస్సు తోలే థోంగ్‌ఖూన్ చేతికిచ్చాను. భార్య పోయి మూడేళ్ళయింది, నెమ్మదైన మనిషి. "పిల్లని పంపినట్టు పంపుతున్నానయ్యా" అంటే, "నా సీటు వెనకాలే పెడతా ఓన్సీ, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు. నిశ్చింతగా ఎలా ఉంటాను? బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

ఆడపంది ఏడు పిల్లల్ని పెట్టింది. నువ్వు సరిగ్గా తింటున్నావా?

మీ ఓన్సీ పిన్ని.


వియంటియాన్,
జూన్ 26, 2001.

బంగారం లాంటి మా పిన్నికి,

జాల ఐదో రోజుకి చేరింది. దారిలో ఒకచోట ఏరు పొంగి, సామానంతా దింపి ఎక్కించారట. మూట మీద బురద చుక్క కూడా లేదు. థోంగ్‌ఖూన్ బాబాయి నా చేతిలో పెట్టి మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఎందుకింత గొడవ చేశానో ఇప్పుడు చెబుతాను. మా బున్‌థవీ గారి దగ్గర పన్నెండు మందిమి నేస్తాం. నమూనాలు కట్టే పని మాత్రం ఒక్కరిదే, ఆ ఒక్కతీ పెళ్ళయి పాక్సే వెళ్ళిపోయింది. అక్టోబరు నెలాఖరుకి ఎవరు మంచి కొత్త రకం గుడ్డ చూపిస్తే ఆ పని వాళ్ళకే. నాలుగేళ్ళుగా ఒకే తామరపువ్వు నేస్తున్నాను పిన్నీ. కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది. ఆ పని నాకు రాకపోతే ఇంకో నాలుగేళ్ళు అదే పువ్వు.

అందుకని రకరకాలుగా ప్రయత్నిస్తున్నాను. మొదట నది అవతలి నుంచి వచ్చే జరీ వేసి చూశాను. గుడ్డ రేకులా బిగుసుకుపోయింది, మడిస్తే చప్పుడు చేసింది. తర్వాత రంగు పట్టు రెండు పేటలు వేశాను. సిహో బాగా బలిసింది కానీ, వెనకవైపు పోగులు బారెడు పొడుగున వేలాడి, కట్టుకున్న పిల్ల గుండీకి తగులుకుని నడవలేకపోయింది. ఇప్పుడు అంచు నుంచి అంచుకి ఒకే రంగు వెయ్యడం మానేసి, ఏదుపంది ముల్లుతో ఎక్కడికక్కడ చిన్నచిన్న ముక్కలు దూరుస్తున్నాను. జూలు లక్క ఎరుపు, తొండం పసుపు. ఇది కుదిరేలా ఉంది. జానెడు ముక్క పంపుతున్నాను, చూడు.

ఇంకోమాట. నీ ఒంట్లో ఎలా ఉంది? చూపు ఆనుతోందా? పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టావో మర్చిపోవడం లాంటిదేమైనా ఉందా? ఊరికే అడిగాను. బజార్లో మంచి కళ్ళజోడు కనిపిస్తే కొన్నాను, ముక్కతో పాటు పంపుతున్నాను.

నీ లత్సమీ.


సామ్‌తై,
జులై 19, 2001.

లత్సమీకి,

నా చూపుకేం? కొండ మీద మేసే గేదె ఎవరిదో ఇక్కడ్నుంచే చెప్పగలను. ఊళ్ళోవాళ్ళు చూస్తుండగా థోంగ్‌ఖూన్ ఆ కళ్ళజోడు పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఎదురింటి ఖమ్లా "పాపం, ఎప్పట్నించి?" అని పరామర్శకొచ్చింది.

నువ్వు పంపిన ముక్క చూశాను. రంగులు బాగున్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ సిహోకి మోకాళ్ళేవి? తొడ అయిన వెంటనే పాదం. మిట్టమధ్యాహ్నం ఎండకి కూలబడ్డ కుక్కలా ఉంది. తొందరగా తెగ్గొట్టాలని మధ్యలో వరసలు ఎగ్గొట్టావు కదూ? ఎవరు చూడొచ్చార్లే అనుకుని ఉంటావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదా? అమ్మ ముందు ఇలాంటి గుడ్డ పెడితే నీ వేళ్ళ మీద చెక్కతో కొట్టేది.

ఇక్కడ ఇంకో తలనొప్పి. థోంగ్‌ఖూన్ ప్రతి ట్రిప్పుకీ ఏదో ఒకటి మోసుకొస్తున్నాడు. పోయినసారి రెండు ఎండుచేపలు, ఈసారి కొత్త చాప, అంతకుముందు కెటిల్. ఇచ్చేసి మాట్లాడకుండా మెట్ల కింద నిలబడతాడు. చెవులు ఎర్రబడతాయి. "ఏమైనా చెప్పాలా?" అంటే "ఏం లేదు, ఏం లేదు" అని వెళ్ళిపోతాడు. యాభై ఆరేళ్ళకి నాకీ తంటా ఏమిటే? ఖమ్లాకి మాత్రం పండగలా ఉంది.

పిన్ని.


వియంటియాన్,
ఆగస్టు 11, 2001.

పిన్నీ,

నేను ఒక్క వరస కూడా ఎగ్గొట్టలేదు. నిన్ను నొప్పించకూడదని ఇన్నాళ్ళూ దాచాను, ఇక చెప్పేస్తాను. జాలలో ఎనభై ఒక్క దారాలే ఉన్నాయి. అచ్చంగా మోకాళ్ళ దగ్గర మూడు తక్కువ. నువ్వు ఎప్పుడో మగ్గం విప్పి కట్టేటప్పుడు జారిపోయి ఉంటాయి. లెక్కలో ఎవరికైనా పొరపాటొస్తుంది, వయసన్నాక తప్పదు. కళ్ళజోడు అందుకే పంపాను. సామ్‌నువాలో ఒకసారి డాక్టరుకు చూపించుకోవచ్చు కదా.

సరే, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను? ఆ మూడు వరసలూ నేనే ముల్లుతో పోగులెత్తి కల్పించడం మొదలుపెట్టాను. మొదటిసారి సిహోకి మోకాలు వాచినట్టొచ్చింది. రెండోసారి కోడి కాలులా వెనక్కి వంగింది, మగ్గాల దగ్గర అందరూ పనులాపి మరీ నవ్వారు. మూడోసారి కాలు పైకి మడతపడి, పాదానికీ కింది గీతకీ మధ్య వేలెడు ఖాళీ వచ్చింది. విప్పేద్దామనుకుని, లేచి దూరంగా నిలబడి చూస్తే, పిన్నీ, అది దూకుతోంది. ఇన్నేళ్ళూ నిలబడి ఉన్న సిహో దూకుతోంది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

థోంగ్‌ఖూన్ బాబాయి వచ్చినప్పుడల్లా నా మగ్గం పక్కనే కూర్చుంటాడు. "మూడు దారాలు లేకపోతే గుడ్డ పాడైపోతుందా అమ్మాయ్?" అని పోయినవారం దిగులుగా అడిగాడు. మూడు తక్కువని నేనెవరికీ చెప్పలేదే. మగ్గం మీద సగం రాసి పెట్టిన ఈ ఉత్తరం చదివాడేమో, ఈసారి కవరు గట్టిగా అంటిస్తున్నాను. అయినా మంచివాడు పిన్నీ. నీ గురించి అడిగి అడిగి చంపుతాడు. కాస్త నవ్వుతూ మాట్లాడరాదా?

లత్సమీ.


సామ్‌తై,
సెప్టెంబరు 2, 2001.

లత్సమీకి,

నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఎనభై నాలుగు. వయసు నా మోకాళ్ళకొచ్చింది కానీ లెక్కకు రాలేదు.

ఖమ్లా కోడలి చెల్లెలు వియంటియాన్ పొద్దుటి బజార్లో మన సిహో ఉన్న సిన్ పావడా ఒకటి అమ్మకానికి చూసిందట. మోకాళ్ళు అచ్చం మనవేనట. మొదట నమ్మలేదు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. జాలలో మూడు దారాలు లేవన్న సంగతి బస్సు తోలేవాడి దాకా వెళ్ళిందంటే, ఇంకా ఎంతమందికి చెప్పావో. ఆ మూడూ ఎవరి మగ్గానికి అరువిచ్చావు? ఎవరైనా స్నేహితురాలు మొహమాటపెట్టిందా? అడిగి తీసుకున్నదాన్ని ఇంకొకరికి పంచిపెట్టే హక్కు నీకు లేదు.

జాల పంపించెయ్యి. ఉన్న దారాలతోనే పంపు. గుడ్డ పూర్తయిందా లేదా అని నేనడగడం లేదు.

థోంగ్‌ఖూన్ వచ్చే ట్రిప్పుకి "కూర్చుని ఒక మాట చెప్పాలి" అన్నాడు. ఏం మాటో నాకు తెలుసు. మంచి సిన్ ఉతికి ఆరేశాను. అది వేరే సంగతి.

ఓన్సీ.


వియంటియాన్,
సెప్టెంబరు 14, 2001.

పిన్నీ,

జాల పంపుతున్నాను. మగ్గం మీదున్న గుడ్డని మూరెడు దగ్గరే కోసేశాను, అది కూడా మూటలోనే ఉంది. నా దగ్గర పెట్టుకుంటే రోజూ చూడాల్సొస్తుంది.

నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అమ్మమ్మ వరసలు ఇంకొకరి చేతిలో పెడతానని నువ్వు ఎలా అనుకున్నావు? అమ్మ పోయాక నాకు పోగు పట్టుకోవడం నేర్పింది నువ్వు. పెద్దగా ఏడవలేదు, కొంచెం ఏడ్చాను. నమూనాల పని సంగతి వదిలేశాను. తామరపువ్వు మళ్ళీ మొదలుపెట్టాను. అదీ మంచి పువ్వే.

మూట ఇవ్వబోతే థోంగ్‌ఖూన్ బాబాయి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ఇది నాకివ్వకమ్మా, నేను మొయ్యలేను" అన్నాడు. రెండు కిలోలు కూడా లేదు. బలవంతంగా సీటు వెనక పెట్టి వచ్చాను. అతనికీ ఒంట్లో బాగాలేదేమో కనుక్కో.

లత్సమీ.


సామ్‌తై,
అక్టోబరు 3, 2001.

నా తల్లీ, లత్సమీ,

ముందు ఒక మాట. తప్పు నాది. నిన్ను అనుమానించాను. నువ్వు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న చేతులతో ఆ ఉత్తరం రాశాను. క్షమించు. ఇక జరిగింది విను.

థోంగ్‌ఖూన్ వచ్చాడు. తల దువ్వుకున్నాడు, తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. నేను ఉతికిన సిన్ కట్టుకుని, జిగురన్నం బుట్ట ముందు పెట్టి కూర్చున్నాను. ఖమ్లా తన ఇంట్లో ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. అతను నోరు తెరవడు. ఏదో ఒకటి మాట్లాడాలని, జాల మూట విప్పుతూ "ఈ మూడు దారాలు ఎవడు కాజేశాడో కానీ, వాడి చేతులు విరగ" అన్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతను రెండు చేతులూ వెనక దాచుకున్నాడు.

"నేనే ఓన్సీ" అన్నాడు.

"నువ్వేంటి?"

"జూన్‌లో ఏరు పొంగింది కదా. సామాను దింపి ఎక్కించేటప్పుడు కోళ్ళ గంప తాడు తెగింది. కోళ్ళన్నీ నీళ్ళల్లో పడేలా ఉన్నై. నీ మూటలో చూస్తే బోల్డు దారాలు. ఇన్నిట్లో మూడు పోతే ఏమవుద్దిలే అనుకున్నా. పైవి తీస్తే కనపడతాయని మధ్యలోంచి లాగా."

"మరి ఆ దారాలేవి?"

"కోళ్ళతో పాటే ఫోన్‌సవన్‌లో దిగిపోయినై."

"నాలుగు నెలల్నుంచీ చేపలు, చాపలు మోస్తున్నావే, ఎందుకు?"

"చెప్పడానికి ధైర్యం చాలక."

లత్సమీ, నేను సిన్ ఉతుక్కుని కూర్చున్నది కోళ్ళ గంప కథ వినడానికా? మగ్గం దగ్గరున్న చెక్కపలక తీసుకుని ఇంటి కింద స్తంభాల చుట్టూ రెండుసార్లు తరిమాను. అతను పరిగెడుతూనే "కెటిల్ మాత్రం దానికోసం తేలేదు ఓన్సీ, కెటిల్ వేరే" అన్నాడు. నేను ఆగిపోయాను. మిగతాది నీకనవసరం. ఖమ్లా చీపురు విరిగింది. బజార్లో మోకాళ్ళ సంగతి నిలదీస్తే, "ఏమో, ఎవరి మోకాళ్ళో" అంటోంది.

అతను వెళ్ళాక నీ మూరెడు గుడ్డ పరిచాను. కోపం దిగాక కదా కళ్ళు పనిచేస్తాయి. నీ కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పకు. అది నిజంగానే దూకుతోంది. అమ్మ ఉంటే ముందు తిట్టేది. తర్వాత మగ్గం పీట మీద కాస్త జరిగి నీకు చోటిచ్చేది.

జాల, గుడ్డ మళ్ళీ పంపుతున్నాను. నీ గడువు నెలాఖరుకి కదా. కోతలైపోయినా ఫరవాలేదు, గుడికి నెలాలస్యంగా ఇస్తే అమ్మ నన్నేం అనదు. థోంగ్‌ఖూన్‌కి ఈసారి కొత్త తాడు చుట్ట ఒకటి చేతికిచ్చి పంపాను.

నీ పిన్ని.


వియంటియాన్,
అక్టోబరు 30, 2001.

పిన్నీ,

నీ ఉత్తరం మగ్గాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. స్తంభాల చుట్టూ తరిమిన చోట రెండుసార్లు చదవమన్నారు. కోపం తెచ్చుకోకు, ఎవరూ చదవకూడదని కవరు గట్టిగా అంటించినదాన్నీ నేనే.

కొత్తగా నెయ్యడానికి పన్నెండు రోజులే మిగిలాయి. రెండు మూరలు అయింది. గడువు రోజున మిగతా వాళ్ళందరూ నిలువెత్తు గుడ్డలు పరిచారు. నాది ఆ చివర చేతిరుమాల్లా ఉంది. బున్‌థవీ గారు చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి చూసి, "ఈ సిహో ఎక్కడికి దూకుతోంది?" అని అడిగారు. "తెలీదండీ" అన్నాను. "మోకాలు ఎవరు కట్టారు?" "నేనేనండీ, మూడు దారాలు పోతే కట్టాను." ఆవిడ ఆ మోకాలి మీద వేలు పెట్టి చూశారు. "ఉన్నది చూసి నేసేవాళ్ళు నాకు పదిమంది ఉన్నారు. పోయింది కట్టగలిగేదానివి నువ్వు. రేపట్నుంచి నమూనాల గదిలో కూర్చో" అన్నారు.

పిన్నీ, నాకు ఆ పని వచ్చింది.

జాల ఈ బస్సుకే పంపేస్తున్నాను. నేను కట్టిన మూడు దారాలూ దాంట్లోనే ఉన్నాయి. నీకు నచ్చకపోతే లాగెయ్యి. ఆవిడ ఈ సిహోతో పది గుడ్డలు కావాలన్నారు. పోగుపోగూ ముల్లుతో ఎత్తుకుంటూ నేస్తాను, ఒక్కోదానికి మూడు నెలలు పడుతుంది, పడనీ. జాల మన ఇంటిది. అమ్మమ్మ పేరున గుడ్డ ఆగకూడదు.

నీ లత్సమీ.


సామ్‌తై,
డిసెంబరు 9, 2001.

లత్సమీకి,

గుడికి గుడ్డ ఇచ్చేశాను. ఈ ఏడు గుడ్డలో అమ్మ మోకాళ్ళే ఉన్నాయి. అవి ఎలా దొరికాయంటావా? మన పెద్ద భిక్షువు దగ్గరకు వెళ్ళి, పోయినేడాది ఇచ్చిన గుడ్డ ఒక్కసారి చూపించమన్నాను. తాటాకు గ్రంథానికి చుట్టి ఉందది. ఆయన విప్పి నేల మీద పరిచి, "ఇచ్చింది మళ్ళీ అడిగి లెక్కపెట్టుకునే భక్తురాలిని నిన్నే చూశాను" అన్నారు. పూటంతా బోర్లా పడుకుని పోగులు లెక్కపెట్టాను. రెండో వరసలో తడబడితే ఆయనే నా వెనకనుంచి "పద్నాలుగు" అని అందించారు.

నీ మూడు దారాలు ఊరికే లాగెయ్యలేదు. ముందు నీ వరసలతోనే ఇంకో జాల కట్టాను. అవును, రెండోది. అమ్మకి ఎప్పుడూ తీరలేదు, నాకు ఎప్పుడూ తోచలేదు. ఒకటే ఉంటే కదా దానికి విలువ అనుకునేదాన్ని. ఒకటే ఉంటే ఏమవుతుందో ఈ ఏడు చూశాను. కోళ్ళ గంప చాలు. అందుకే పడుగు మీద రెండు జాలలూ ఎదురెదురుగా వేలాడదీసి, దీంట్లో ఒక దారం లాగి, పోగులెత్తి, దాంట్లో కొత్త దారం దూర్చి, ముడి. థోంగ్‌ఖూన్‌కి సెలవున్న రోజులన్నీ అటువైపు కూర్చుని దారాలు అందుకున్నాడు. మొదటి రోజు మూడు దారాలకే నడుం పట్టేసింది. "ఒక్క దారానికి ఇంత పనా ఓన్సీ?" అన్నాడు. "నువ్వు లాగినవి మూడు" అన్నాను. ఆ తర్వాత ఎనభై నాలుగూ అయ్యేదాకా వంచిన నడుం ఎత్తలేదు. ఆఖరి ముడి అతన్నే వెయ్యమన్నాను. కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్మంట.

పాత జాలలో ఇప్పుడు అమ్మ మోకాళ్ళు తిరిగొచ్చాయి. అది నా దగ్గరుంటుంది. కొత్తదాంట్లో నీవి. ఏది అసలైనదని రేపెవరైనా అడిగితే నా దగ్గరకు పంపు, నాకు చెప్పే ఉద్దేశం లేదు.

కొత్త జాల నీది. అరువు కాదు. లెక్కపెట్టుకోనక్కర్లేదు, తిరిగి పంపనక్కర్లేదు.

ఎవరి చేతికీ ఇవ్వడం లేదు, నేనే తెస్తున్నాను. ఈ శనివారం బస్సులో డ్రైవరు వెనక మొదటి సీటు నాది. కొండ దాటి ఇంతవరకు వెళ్ళలేదు కాబట్టి నాకు వాంతులవుతాయని ఖమ్లా అంటోంది. అయితే అవుతాయి. నీ ఏదుపంది ముల్లు పక్కన పెట్టి, మగ్గం మీద పడుగు ఖాళీగా ఉంచు.

పిన్ని.